బండి దిగినవాడికి దారి చెప్పినట్టు

ఆమదాలవలసలో రైలు దిగగానే వేడి వడల వాసన నన్ను చొక్కా పట్టుకుని లాగింది. నా వెనకే దిగిన ఒకాయన బోర్డు చూసి, "ఇదే కదండీ శ్రీకాకుళం?" అన్నాడు. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. ఊరు మాత్రం ఆటోలో నడుము విరిగేంత దూరం. వడ నోట్లో ఉండగానే రమణమ్మ మేడం ఒకప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చి నవ్వొచ్చేసింది.

విజయనగరంలో మా ఆఫీసుకు మేడం పెద్ద. పొలం మోటార్ల మీద వచ్చే ఫిర్యాదులన్నీ కంప్యూటర్లో ఒక్కోటీ ఒక్కో టికెట్‌గా మా దగ్గరికే చేరేవి. వాటిని చూడ్డానికి ఒక ఏఐ ఏజెంటును, అంటే మనిషిలా చదివి తనే పనిచేసే ప్రోగ్రామును పెట్టారు. పనైపోయిందని టికెట్ మూయడానికి ఒక టూల్, మెకానిక్‌ను పంపడానికి ఒక టూల్, ఇలా దానికి ఇస్తాం. ఏది ఎప్పుడు వాడాలో ప్రతి టూల్‌కీ నాలుగు ముక్కలు రాసిపెడితే, అది చదువుకుని నడుచుకుంటుంది. ఆ రాతపని నాకిచ్చారు. భోజనంలో ఏం పెట్టారని అడిగితే పెళ్లంతా చెప్పే మనిషిని నేను. మూసే టూల్‌కి ఇలా రాశాను: "కస్టమర్ గుండె బరువును క్షణంలో దించి, బాధకు మంగళం పాడే మహత్తర సాధనం." రాసి కాలరెగరేశాను. ఆ గాలికి బల్ల మీది కాగితాలు చీపురుపల్లి దాకా ఎగిరుంటాయి.

ఆ చీపురుపల్లి దగ్గరి రైతు సింహాచలం గారే మొదటి టికెట్ పెట్టారు. "మోటారు తిరగట్లేదు. నారుమడి ఎండిపోతన్నాది. గుండె బరువెక్కిపోతన్నాది." ఏజెంటు ఆ గుండె బరువు చూసింది, నా మహత్తర సాధనం అందుకుంది, టికెట్ మూసేసింది. పైగా "మీ బాధ తీరినందుకు సంతోషం" అని జవాబు కూడా పంపింది!

మేడం వెంటనే మెకానిక్‌ను పంపించి, ఆయనకు ఫోన్ చేశారు. అటు గొంతు ఆఫీసంతా వినపడింది. "ఏటమ్మా, నా నారు సస్తంటే మీకు సంతోషమేటి?"

"తప్పు మాదే మావా. మెకానిక్ బయల్దేరినాడు. సాయంత్రానికి నీరు పడతాది, సూడు."

ఫోన్ పెట్టి, టూల్‌కి నేను రాసింది చదివి, నావైపు తిరిగారు. "ఏటి బాబూ ఇది?"

"అందంగా ఉంటుందని, మేడం..."

"ఆమదాలవలసలో మా ఇంటికి కొత్త సుట్టమొస్తే స్టేషన్ అందం సెప్తానా? శ్రీకాకుళం రోడ్డని బోర్డుంటాది, అక్కడ దిగు. శ్రీకాకుళం ఆటో ఎక్కీకు, మా ఇల్లు ఇక్కడే. తెలీకపోతే నాకు ఫోన్ సెయ్యి. అంతే! ఈ ఏజెంటూ మనకి కొత్త సుట్టమే."

మళ్లీ రాశాను. "సమస్య తీరిందని కస్టమర్ చెప్పాకే టికెట్ మూయాలి. మోటారు ఆగి ఉంటే ఈ టూల్ వాడకూడదు, మెకానిక్‌ను పంపే టూల్ వాడాలి. ఏదీ తేలకపోతే మేడంను అడగాలి." ఒక్కో విశేషణం తీసేస్తుంటే మత్తు మందు లేకుండా పళ్లు పీకినట్టుంది. మేడం చదివి, కళ్లజోడు తీసి, "ఇప్పుడు మన సుట్టం ఇల్లు సేరతాడు" అన్నారు. పరీక్షగా సింహాచలం గారి మాటలే మళ్లీ ఇచ్చి చూశాం. ఈసారి ఏజెంటు మెకానిక్‌ను పిలిచింది. ఆఫీసు ఈలలతో ఊగిపోయింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, మోటారు చప్పుడు మీద అరిచారు: "నీరు పడిందమ్మా! ఇప్పుడు సెప్పు నీ సంతోషం!"

మేడం రిటైరయ్యారు. ఇవాళ వాళ్లింటికే వచ్చాను. ఇప్పటికీ ఏ టూల్‌కి ఏం రాసినా చివర్లో, వీడు ఇల్లు చేరతాడా అని నన్ను నేనే అడుగుతాను. ప్లాట్‌ఫారం మీది ఆయనకూ అలాగే చెప్పాను. "ఊరు ఇది కాదండీ. బయట శ్రీకాకుళం ఆటో ఎక్కండి. ఊళ్లోకి వెళ్తుందా అని అడిగాకే ఎక్కండి." ఆ వడ గురించి చెప్పాలని నాలుక ఎంత దురద పెట్టిందో! నోరు మూసుకున్నాను. ఆయన తిన్నగా వెళ్లి, అడిగి మరీ ఆటో ఎక్కాడు.