ముల్లని చెప్పాను

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు, ఆమె పోయేదాకా. పిల్లలకు చెప్పలేదు. దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు. గుడికి వెళ్ళిన ప్రతిసారీ "నీకు తెలుసు కదా" అని తప్పించుకుని వచ్చేశాను. ఇన్నేళ్ళూ అది నాలో ఒకచోట కదలకుండా కూర్చునే ఉంది. పెద్దదేం కాదు, శనగ గింజకన్నా చిన్నది. కాని సీసం. అది కరగదు, కుళ్ళదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీరు చూడలేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మాది ఇటిక్యాల దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ నన్ను గద్వాలలో మేనమామ ఇంటికి పంపింది. మామ సంస్థానంలో వేట ఏర్పాట్లు చూసేవాడు. ఆయన మాట మీద నన్ను పహరా దళంలోకి తీసుకోవడానికి ఒప్పుకున్నారు, కాని దసరా ముందు జరిగే గురి పరీక్షలో నెగ్గాలన్నారు. పరీక్ష రివాల్వరుతో.

మామ దగ్గర రివాల్వరు ఉంది. తూటాలే లేవు. యుద్ధం పుణ్యమా అని బజారులో అవి కనబడటం మానేశాయి, కనబడితే వాటి ధర మా బోటివాళ్ళది కాదు. మొదట ఉత్త రివాల్వరే ఇచ్చాడు మామ. గోడ మీద బొగ్గుతో గుండ్రంగా గీసుకుని టక్కు టక్కుమని నొక్కేవాణ్ణి. చెయ్యి కుదిరింది. కాని పేలని తుపాకితో గుండు ఎటు పోయిందో ఎలా తెలుస్తుంది? దానికితోడు ఊరికే కొడితే సుత్తి పాడవుతుందని మామకు బెంగ. చివరికి ఇద్దరం రైలెక్కి హైదరాబాదు వెళ్ళాం.

దుకాణంలో మొదట సన్న తూటాలు పేల్చే చిన్న పిస్తోలు చూపించారు. దానికి పర్మిట్ కావాలి, ఆ తూటాలకూ కరువే. ఆ తర్వాత బిరడా ఎగరగొట్టేది ఒకటి చూపించారు, అది పిల్లల ఆట. మామ దాన్ని చేత్తో కూడా తాకలేదు. ఆఖరున దుకాణదారు లోపలినుంచి ఒక గాలి పిస్తోలు తెచ్చాడు. ఎవరో వాడి అమ్మేసింది. గొట్టం మడిచి గాలి పట్టించాలి, సీసపు గుండు పెట్టాలి, నొక్కాలి. చప్పుడు చప్పట్లు కొట్టినంతే. పట్టుకుంటే మాత్రం రివాల్వరు బరువే. పిచ్చుక కూడా చావదు సాబ్, అని నవ్వాడు దుకాణదారు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. తిరుగు రైల్లో మాత్రం ఒక్క మాట అన్నాడు.

"పిచ్చుక చావదన్నడని ఆటబొమ్మ అనుకోకు అల్లుడా. గొట్టంల నుంచి వచ్చేది ఏదైన గుండే. ఎనుక ఏమున్నదో తెల్వకుండ ఎన్నడు కాల్చకు."

విన్నాను. విన్నానని ఇప్పుడు చెప్పడమే నాకు కష్టంగా ఉంది. ఎవరూ చెప్పలేదని అనడానికి లేదు నాకు.

మామ ఇంటి వెనక పెరట్లో, మట్టిగోడకు ఆనించి ఇసుక సంచులు పేర్చి, వాటి మీద కాగితం కట్టి కాల్చేవాణ్ణి. రోజు రోజుకూ గురి కుదిరింది. గుండ్లు చవక, ఎన్ని కాల్చినా ఎవరూ అడగరు. అదే వచ్చిన చిక్కు అనుకుంటాను. తూటా ఖరీదైనదైతే ప్రతి దెబ్బకూ మనిషి ఆలోచిస్తాడు. నేను ఆలోచించడం మానేశాను.

పెరటి పక్క గోడ వానలకు ఒకచోట కూలింది. అక్కడ ఈతాకు తడక కట్టారు. తడక అవతల సందు. ఆ సందులో, మధ్యాహ్నం ఎండ తిరిగాక, గోడ నీడన మౌలాలి కూర్చునేవాడు.

మౌలాలి రఫ్ఫు పని చేసేవాడు. చిరిగిన శాలువా, కాలిన జరీ అంచు, ఎలుక కొట్టిన కోటు, ఏదైనా సరే ఆ బట్టలోంచే పోగు లాగి, ఆ నేతలోనే కలిపేసేవాడు. బాగుచేసిన చోటు వేలు పెట్టి వెతికినా దొరికేది కాదు. ఇంట్లో చీకటి, సందులో వెలుతురు బాగుంటుందని అక్కడికి వచ్చేవాడు. నాకంటే కొంచెం చిన్న. నన్ను అన్నా అనేవాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. తడకకు చెరోవైపునా, ఒకరికొకరం కనబడకుండానే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఇసుక సంచుల వైపు నేను కాల్చే చప్పుడు అతనికి అలవాటైపోయింది. అతను అక్కడ కూర్చుంటాడని నాకు తెలుసు. ఈ మాట కూడా చెప్పాలి కదా.

పరీక్షలో దూరం ఎక్కువ ఉంటుందని ఎవరో చెప్పారు. ఇసుక సంచుల వైపు అంత దూరం లేదు. దూరం నుంచి కాల్చాలంటే తడక వైపే తిరగాలి. సంచులు అటు మోయాలి. అవి వానకు తడిసి బరువెక్కి ఉన్నాయి. ఆ రోజు శుక్రవారం. మౌలాలి నమాజుకు వెళ్ళి ఉంటాడనుకున్నాను. అనుకున్నాను, అంతే. పిలిచి చూడలేదు. ఒక్కసారి "మౌలాలీ" అంటే సరిపోయేది. తడకకు కాగితం గుచ్చి, వెనక్కి నడిచి, కాల్చాను.

మొదటి గుండు కాగితం మధ్యలో పడింది. నాకు సంతోషం వేసింది. రెండోదీ అక్కడే. మూడోదానికి అవతల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చినట్టు వినిపించింది. అరుపు కాదు. అరుపైతే బాగుండేదేమో.

పిస్తోలు గడ్డివాములో దోపి, చుట్టూ తిరిగి సందులోకి పరుగెత్తాను. మౌలాలి ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేత్తో ఒళ్ళోని శాలువాను నెత్తురంటకుండా పక్కకు జరుపుతున్నాడు.

"ఎవరది, అన్నవేనా? కంట్ల ఏందో పడ్డదే. జర చూడు."

చూశాను. నల్లగుడ్డు పక్కన చిన్న చిల్లు. మెంతిగింజ అంత. దాన్ని చూసి ఎవరూ తుపాకి అనుకోరు. ఆ ఆలోచనే నాకు మొదట వచ్చింది. అతని కన్ను గురించి కాదు. ఎవరూ తుపాకి అనుకోరు.

భుజం పట్టుకుని దవాఖానకు నడిపించాను. దారిలో అతను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. కన్ను కడిగి, దీపం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏం తాకింది?"

"తెల్వదు సాబ్," అన్నాడు మౌలాలి. "కుట్టు ఏస్తున్న. మెరుపు మెరిసినట్టయింది, గంతే."

డాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా?"

"తుమ్మకొమ్మ విరిగి పడ్డది సాబ్," అన్నాను. "ముల్లు గుచ్చుకున్నది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందే తయారుగా పెట్టుకున్నట్టు.

"ముల్లేనా? మంచిగ యాద్ చేసుకో. ముల్లయితే గుచ్చి బైటికొస్తది, కడిగి కట్టు కడితే చాలు. ఇనుమో, సీసమో లోపలికి పోయుంటే కథ వేరుంటది. గా కన్ను ఎట్లైన పోయినట్టే. గని దాన్ని గట్లనే ఉంచితే మంచిగున్న కన్నును గూడ గుంజుకపోతది. జల్ది హైదరాబాద్ పంపి తీసేపియ్యాలె. అందుకే అడుగుతున్న."

మౌలాలి మంచి కన్ను నా వైపే ఉంది. నేనేం చెప్తానోనని కాదు. నేనున్నానన్న ధీమాతో.

"ముల్లే సాబ్."

ఇక్కడ ఆగుతాను. మీరూ ఆగండి. తడక వైపు కాల్చిన తప్పును పొరపాటు అనవచ్చు. నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ రెండో "ముల్లే" అన్న మాటను ఏమంటారు? ఏది జరుగుతుందో డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. విన్నాను, అర్థమైంది, అయినా అన్నాను. నిజం చెబితే కొలువు పోతుంది. మామ పరువు పోతుంది. ఊళ్ళో అప్పటికే గుసగుసల రోజులు, హిందువుల ఇంటి తుపాకి ముస్లిం పిల్లవాడి కన్ను తీసిందంటే గొడవలవుతాయి. ఇలా ఒక్కొక్క కారణం వెతుక్కున్నాను. గొడవల కారణం మరీ పెద్దగా కనబడేది, దాని చాటున దాక్కోవడం సులువు. నిజానికి నేను భయపడ్డది నా కొలువు కోసమే.

మర్నాడు పొద్దున మామ పెరట్లోకి వచ్చి తడక ముందు నిలబడ్డాడు. చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు. తడకను తానే విప్పి, పొయ్యిలోకి విరిచి వేశాడు. ఆ తర్వాత ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు, నేను ఆయన కళ్ళలోకి చూడలేదు.

పరీక్షకు నా కోటు మోచేతి దగ్గర చిరిగి ఉంటే మౌలాలే తీసుకెళ్ళాడు. కట్టు కట్టిన కన్నుతో, ఒంటికంటితో, రఫ్ఫు చేసి తెచ్చాడు. డబ్బులిస్తే తోసేశాడు.

"నన్ను దవాఖానకు తోలుకపోయినోనివి. నీ దగ్గర పైసలు తీసుకుంటనా అన్నా?"

ఆ కోటు వేసుకునే వెళ్ళాను. జనంలో మౌలాలి ఉన్నాడు, తలకు అడ్డంగా తెల్ల గుడ్డతో. నేను చెయ్యి చాపినప్పుడు అతను కనబడుతూనే ఉన్నాడు. నా చెయ్యి వణకలేదు. దాన్ని తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది. ఒక్క గుండు కూడా గురి తప్పలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే.

దీపావళి దాటాక మౌలాలి రెండో కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోతున్నానన్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి భార్య జైతూన్‌ను పిలవడం మొదలుపెట్టాడు. నాకు అర్థమైంది. గద్వాల మొత్తంలో అర్థమైంది నాకొక్కడికే. అప్పుడైనా డాక్టరు దగ్గరికి పరుగెత్తి ఉంటే? ఆ వేళకు ఏమైనా దక్కేదో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్ళలేదు. రోజూ పహరాకు వెళ్ళేవాణ్ణి. దవాఖాన దారి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. జైతూన్ ఎవరో హకీమును పిలిచింది, కాటుకలు పెట్టించింది, దర్గాలో మొక్కింది. చలికాలం వెళ్ళేసరికి మౌలాలికి పగలూ రాత్రీ ఒకటయ్యాయి.

అతను వేలితో తడిమి కుట్టడానికి కొన్నాళ్ళు ప్రయత్నించాడు. కుదరలేదు. వనపర్తిలో అక్క ఇంటికి వెళ్ళిపోయారు. జైతూన్ అక్కడ ఇళ్ళల్లో పనికి కుదిరిందని తెలిసింది. జీతం వచ్చినప్పుడల్లా ఎంతో కొంత పంపేవాణ్ణి. నా మంచితనం గురించి ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాటలు వింటూ అన్నం తిన్నాను.

తర్వాత ఒకసారి పనిమీద వనపర్తి వెళ్ళి అతన్ని చూశాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏమీ లేకుండా. ఆ చేతుల్ని ఖాళీగా ఎప్పుడూ చూడలేదు నేను. జైతూన్ చాయ్ తెచ్చింది. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే అడిగాడు.

"అన్నా, గా సందుల తుమ్మచెట్టు ఏడున్నది?"

గ్లాసులు తీస్తున్న జైతూన్ చెయ్యి ఆగిపోయింది.

"ఉండె మౌలాలీ. తర్వాత కొట్టేసిన్రు."

అతను నా వైపు మొహం తిప్పాడు. చూపు లేని మొహం. సరిగ్గా నా మీదికే తిప్పాడు.

"గట్లనే అయ్యుంటది," అన్నాడు. "నేను యాది మరిచినట్టున్న."

చీకట్లో కూర్చుని ఆ సందును ఎన్నిసార్లు నడిచి ఉంటాడు? ఏ గోడ పక్కన ఏముందో ఒక్కొక్కటీ తడుముకుంటూ, ఎక్కడా దొరకని చెట్టు కోసం? అతనికి తెలిసిపోయిందా? తెలిసీ నాకు ఒక అవకాశం ఇచ్చాడా? ఆ గుమ్మంలో నిలబడి చెప్పగలిగేవాణ్ణి. అడిగాడు కూడా. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ తర్వాత అటు వెళ్ళలేదు. అతను పోయాడన్న కబురు చాలా ఆలస్యంగా తెలిసింది.

క్షమించమని ఎవరిని అడగాలి? అడగవలసినవాడు లేడు. జైతూన్ ఎక్కడుందో తెలియదు, ఉంటే ఆమె కాళ్ళ మీద పడే ధైర్యం నాకు ఈ వయసులోనైనా ఉందా అంటే చెప్పలేను. మీరు క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్కటే అనవలసి ఉంది, ఇన్నాళ్ళూ ఏ నోటితో అనలేదో ఆ నోటితోనే అంటున్నాను.

అది ముల్లు కాదు. నేను కాల్చిన గుండు. మౌలాలి కళ్ళు రెండూ నేనే తీశాను. మొదటిది చూసుకోక. రెండోది తెలిసే.