తప్పు చెప్పినవారికే చాయ్

మా మనవరాలు హైదరాబాదులోని ఒక పుస్తకాల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ఒకరు రాసినదాన్ని చదివి, దిద్ది, అచ్చుకు పంపడం దాని ఉద్యోగం. మొన్న ఆదివారం నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే, అది కంప్యూటర్ ముందు చేరి, ఊరూరా అదే పని చేసేవాళ్లతో ముచ్చట పెడుతూ, తన చేతి మీదుగా పోయిన పుస్తకంలో ఒక అధ్యాయం రెండుసార్లు అచ్చయిందని నవ్వుతూ చెప్పేసింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, ఎవరో ఏందో తెల్వనోళ్ల ముందట గట్ల చెప్పుకుంటవా? మీ కంపెనీ చెవుల వడితే?"

"అందరం గీ పనోళ్లమే అవ్వా. ఒకరి తప్పు చూసి ఇంకొకరు నేర్చుకునుడు, గంతే."

ఆ 'గంతే' అన్న మాట దగ్గరే నాకు భయం, ఎందుకంటే మా ఆయన కూడా అచ్చం అలాగే అనేవాడు.

ఆయన నిజామాబాదులో ఒక చిన్న దినపత్రికలో, విలేకరులు పంపిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే సబ్ ఎడిటర్‌గా ఉండేవాడు. నేను మూడో తరగతి దాటలేదు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గాని, చెవిన పడ్డది మాత్రం మరచిపోను. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, వేరే వేరే పత్రికల్లో అదే పని చేసే నలుగురు మా ఇంటికి వచ్చేవారు. వారమంతా ఒకరిని మించి ఒకరు వార్త వేయాలని పోటీ పడేవాళ్లు, ఆ పూట మాత్రం ఒకే చాప మీద మోకాళ్లు తగిలేలా కూర్చునేవారు. వాళ్ల కట్టుబాటు ఒకటే: ఆ వారం తన చేతిలో జరిగిన తప్పు చెప్పాలి, అందరూ కడుపారా నవ్వాలి, మళ్లీ జరగకుండా ఏం చేయాలో తేల్చాలి, ఆ తర్వాతే చాయ్. నేర్పే బడి లేని పని కదా, వాళ్లకు అదే బడి. పెళ్లిరోజు శుభాకాంక్షల మీద చనిపోయినాయన ఫోటో పడ్డ వారం నుంచి, ఫోటోలో ముఖం మీద వేలు పెట్టి కింద పేరు చదవడం ఐదుగురికీ అలవాటైంది.

వాళ్లలో చిన్నవాడు మెండోర దిక్కువాడు, కొత్తగా చేరినవాడు. ఎప్పుడూ ఉత్త చేతులతో వచ్చేవాడు.

"ఈ వారం నాదేం లేదక్కా."

"లేకుంటే చాయ్ గూడ లేదు తమ్మీ. పక్కోడు తాగుతుంటే సూసుకుంట కూసో."

"తప్పు చేయనోన్నే ఎండవెడ్తున్రు, గిదేం న్యాయం!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గాని, పని చేసేవాడికి తప్పు లేకుండా ఎట్లా ఉంటుంది, వీడు చెప్పడానికి కాక వినడానికే వస్తున్నాడా అని నా మనసులో ముల్లు ఒకటి దిగింది.

ఆ ఏడు చెరకు వేళ మా ఆయన పెద్ద పొరపాటే చేశాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడించే క్రషింగ్ ఎప్పుడు మొదలవుతుందో బోధన్ విలేకరి సరిగ్గానే రాసి పంపితే, ఈయన తొందరలో నిరుటి వార్తను ముందు పెట్టుకుని కొత్త సంగతులు అందులో కలిపి, తేదీ మార్చడం మరిచాడు. పేపర్ నమ్మిన రైతులు ముందే చెరకు కొట్టి బండ్లు కట్టుకుని పోతే గేటు మూసి ఉంది. కొట్టిన చెరకు ఎండలో ఎండిపోతూ ఉంటే రైతు గుండె ఎట్లా ఉంటుందో ఈ దిక్కువాళ్లకు చెప్పనక్కరలేదు. పత్రిక ఓనరేమో తప్పు విలేకరిదే అనుకుని అతన్ని తీసేస్తానన్నాడు.

ఆ ఆదివారం మా ఆయన చాప మీద తలవంచుకుని, తప్పు నాది అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే పోయి నువ్వే చెప్పు, వాని కడుపు కొట్టకు అని నలుగురూ అన్నారు, ఈయన సరేనన్నాడు. సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోతే, నోరు తెరవకముందే ఓనర్ అందుకున్నాడట.

"తప్పు చేసినవ్, సరే. మంది పేపరోళ్లను ఇంట్ల కూసోవెట్టుకొని మన ఇజ్జత్ తీస్తవా?"

విలేకరి ఉద్యోగం నిలబడింది. మా ఆయనను మాత్రం డెస్కు దగ్గర నుంచి లేపి ప్రకటనల కోసం దుకాణాల చుట్టూ తిప్పారు. మళ్లీ ఎన్నడూ ఆయన చేత ఒక్క పేజీ పెట్టించలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లో అన్న మాట తెల్లారేసరికి అక్కడికి ఎట్లా చేరింది? ఆ నలుగురూ తర్వాత కూడా వచ్చారు, కాని తప్పులు రానురాను చిన్నవైపోయాయి. ఒకడు చెప్పబోయి నీళ్లు నమిలేవాడు, ఇంకొకడు మనదేం లేదు, ఫలానా పేపర్ చూశారా అనేవాడు. వర్షాలు పడేనాటికి రావడమే మానేశారు.

మా ఆయన పోయి ఏడాదైనప్పుడు ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే, తల నెరిసిన ఆ మెండోర తమ్ముడు వచ్చాడు. అందరూ వెళ్లాక నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఇన్నేండ్లు అడగలేకపోయిన. మేం నలుగురం నువ్వే చెప్పినవనుకున్నం."

"నా మొగని కుర్చీ నేనే గుంజుతనారా?"

"ఆ దినం పొద్దుగూకంగ నువ్వు ఓనర్ ఇంట్లకెల్లి వస్తుంటే సూసినం."

పోయిన మాట నిజమే, వాళ్ల ఇంటావిడకు నేను కుట్టిన జాకెట్లు ఇచ్చి వచ్చాను. నోరు విప్పలేదన్నదీ నిజమే, కాని దానికి సాక్షి ఎవరు?

"నేను నిన్నే అనుకున్న తమ్మీ" అంటే అతను నవ్వాడు, కాదని మాత్రం అనలేదు. నా మీద మోపి తాను తప్పుకుంటున్నాడా అని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు ఎవరి మీద కాస్త అనుమానం వచ్చినా వాళ్లను ఫోన్లోంచి తీసేస్తున్నారు, అంతటితో సరి. ఆ నలుగురూ మాత్రం నన్ను అనుమానిస్తూనే ఎన్నో ఆదివారాలు నా వాకిట్లో చెప్పులు విడిచారు, నేను వాళ్లను అనుమానిస్తూనే చాప పరిచాను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన వాళ్లలో ఓనర్‌కు చెప్పినవాడు ఎవడైనా ఉంటే, వాడు కూడా ఒక్క ఆదివారం వచ్చి కూర్చుని, తన తప్పు చెప్పి చాయ్ తాగిపోతే బాగుండుననిపిస్తుంది.