అన్నపూర్ణమ్మగారి అనుమానం

మందు పెట్టెలో మడతలు పెట్టి ఉంచే పల్చటి కాగితాన్ని విప్పితే గరగరమని చప్పుడొస్తుంది. అమలాపురంలో నా షాపులో రోజూ వినే చప్పుడే. అయినా విన్నప్పుడల్లా రాజోలు బస్టాండు దగ్గర భూతద్దం పట్టుకుని కూర్చున్న అన్నపూర్ణమ్మగారు కళ్ళ ముందు మెదులుతారు. పన్నెండేళ్ళ క్రితం, ఫార్మసీ చదువు ముగించి నేను మొదట పనిచేసింది ఆవిడ మందుల షాపులోనే.

ఆవిడకి ప్రతిదీ అనుమానమే. డాక్టరు రాసిన చీటీ రెండుసార్లు చదివేవారు. కొత్త మందు వస్తే కంపెనీ మనిషి మాట నమ్మక, లోపలి కాగితం చివరిదాకా చదివేవారు. "ఇంకేం మందులు వాడుతున్నారో అడిగేవా?" అని నన్ను రోజుకి పదిసార్లు అడిగేవారు. ఎదురుగా జనం నిలబడి ఉంటే అదంతా చాదస్తంగా తోచేది నాకు.

ఆవిడ లేని ఒక మధ్యాహ్నం దుర్గ అనే అమ్మాయి భర్తతో వచ్చింది. సూరిబాబు గల్ఫ్ నుంచి మూడు నెలల సెలవు మీద వచ్చాడు. పాపకి ఏడాదిన్నరే కావడంతో అప్పుడే రెండో కాన్పు వద్దనుకున్నారు. డాక్టరు రాసిన గర్భనిరోధక మాత్రలు ఇచ్చాను. ఇంకేం వాడుతున్నావని అడగలేదు.

సూరిబాబు తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకి దుర్గ అత్తగారితో వచ్చింది. నెల తప్పిందట. అత్తగారు ఖాళీ అట్టలు బల్ల మీద పడేసింది.

"ఇవి మంచి మాత్రలేనాండీ? మావాడు ఫోనులో ఒకటే గొడవండి. మాత్రలేసుకుంటే కడుపెలా వచ్చిందంటాడు."

అంటూ కోడలి వైపు చూసిన చూపులో, మాత్రలు నిజంగా వేసుకుందా, వేసుకుంటే ఈ కడుపు ఎవరిది అన్న ప్రశ్న ఉంది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నే నా మనసులోనూ ఉంది. "ఒక్క రోజు కూడా మానలేదండీ" అని దుర్గ తల వంచుకుని అంటే నేను నమ్మలేదు.

అన్నపూర్ణమ్మగారు ఆ అమ్మాయిని కాసేపు చూసి, "కణతలు నొక్కుకుంటున్నావు. తలనొప్పా అమ్మా?" అన్నారు.

"ఆయ్. మైగ్రేనండీ. నొప్పి రాకుండా రోజూ వేసుకోమని కాకినాడ డాక్టరుగారు మాత్రలిచ్చేరు. ఆయన సెలవుకి వచ్చే ముందే మోతాదు పెంచేరండీ."

దుర్గ సంచీలోంచి తీసిన పెట్టెలో కాగితాన్ని ఆవిడ బల్ల మీద పరిచి, ఒక వరుస కింద వేలు పెట్టి నాకు చూపించారు. మోతాదు ఎక్కువైతే ఆ మందు గర్భనిరోధక మాత్రల బలం తగ్గించవచ్చు. ఇంకాస్త కిందికి, కడుపులో బిడ్డకి పెదవి, అంగిలి చీలే ప్రమాదం ఉందని రాసి ఉంది.

"సొంతంగా ఏదీ మానెయ్యకు. ఈ పూటే డాక్టరుగారి దగ్గరికెళ్ళి రెండు మందులూ చూపించు" అని దుర్గకి చెప్పి, అక్కడికక్కడే సూరిబాబుకి ఫోన్ కలపమన్నారు.

"మాత్రల అట్టలన్నీ ఖాళీగా నా ముందున్నాయి బాబూ" అన్నారు.

"బయట పారేసినా ఖాళీ అవుతాయి కదండీ." అతని గొంతు నాకూ వినిపించింది.

"పారేసిందని నీకెవరు చెప్పేరు?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడే అందుకున్నారు.

"తప్పు మా షాపుది. ఇంకేం వాడుతోందో అడక్కుండా మాత్రలిచ్చేం. అనుమానించాలంటే నన్ను అనుమానించు."

ఇచ్చింది నేనేనని ఆవిడకి తెలుసు. అప్పుడు నా వైపు చూడనైనా లేదు. తర్వాతా ఆ ఊసెత్తలేదు.

డాక్టరు తలనొప్పి మందు మార్చారు. సూరిబాబు రెండు నెలలు దుర్గతో మాట్లాడలేదు. ఆమె స్కానింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ అన్నపూర్ణమ్మగారు కబురు కోసం కాచుకునేవారు. పిల్లాడు పుట్టిన రోజు ఆసుపత్రికి వెళ్ళి, వాడు ఏడుస్తూ నోరు తెరిచేదాకా వంగి చూశారు. అంగిలి బాగానే ఉంది.

ఏడాది తర్వాత సూరిబాబు పిల్లాణ్ణి ఎత్తుకుని దుర్గతో షాపుకొచ్చాడు. "అచ్చం నా పోలికేనండీ" అన్నాడు నవ్వుతూ.

"పోలిక దొరికితే గాని నమ్మకం కుదరలేదా బాబూ?" అన్నారావిడ.

అతని నవ్వు ఆగిపోయింది. దుర్గ తలెత్తి ఆవిడ వైపు చూసింది.

అన్నపూర్ణమ్మగారు పోయి ఐదేళ్ళయింది. మందుల్ని అనుమానించడం ఆవిడ దగ్గర త్వరగానే నేర్చుకున్నాను. మనుషుల్ని నమ్మడానికి మాత్రం నాకు ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. దుర్గ అమలాపురం వస్తే నా షాపుకి రాకుండా వెళ్ళదు. "ఆ రోజు మీరిద్దరూ నన్ను నమ్మేరండీ" అంటుంది ప్రతిసారీ. నేను తలూపుతాను. నమ్మింది ఒక్కరేనని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాలేదు.