తెగిన తీగ

పెద్ద సిస్టర్ స్టూలెక్కుతుంటే ఎడమ చెప్పు జారి, తలుపు దగ్గర నిలబడ్డ రోగి బావమరిది కాళ్ల ముందు పడింది. ఆయన దాన్ని తీసి, ఎక్కడ పెట్టాలో తోచక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పొట్టి మనిషి, మంచం మీదికి వంగాలంటే స్టూలు ఉండాల్సిందే. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది. ఇన్నేళ్ల సర్వీసులోనూ, గుండె ఆపరేషన్ అయిన కొత్తలో ఛాతీ నొక్కాలంటే ఆమెకు భయమే. కోసిన ఎముకను బిగించిన తీగ తెగొచ్చు, లోపలి కుట్లు ఊడి నెత్తురు కారొచ్చు. అందుకే ఆ వార్డులో గుండె లయ తప్పి ఆగితే ముందు షాకులిస్తారు. ఆ రోజు ఈ రోగి గుండె ఆగినప్పుడు షాకులు పని చేయలేదు. ఛాతీ మళ్లీ తెరవడానికి గౌను తొడుక్కుంటున్న డాక్టరు "ఇక నొక్కండి సిస్టర్" అన్నాడు. ఆమె నొక్కింది. చేతి కింద ఏదో టప్పుమంది. తీగ తెగిందని తెలిసినా ఆమె చేతులు ఆగలేదు. డాక్టరు కత్తి అందుకునేలోపే గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది.

తెగిన తీగను మర్నాడు మళ్లీ కట్టారు. లేచి కూర్చునే ఓపిక రాగానే రోగి ఆమెను పట్టుకున్నాడు.

"ఏమ్మా, పిండి పిసికినట్టు పిసికేశావట. తీగ తెగిపోయిందిగా, కాస్త చూసి నొక్కకూడదూ?"

ఆమె అతని వీపు వెనక దిండు సర్దింది.

"తీగలకేం బాబాయ్‌గారూ, స్టోరులో బోలెడున్నాయి."