పత్తి పుస్తకానికి వెనుక అట్ట

ఆంధ్రా, తెలంగాణ ఒక్కటైన మూడో ఏడు, వానకాలం బడులు తెరిచే దినాలల్ల నన్ను భైంసా ఆడపిల్లల బడికి ఆయాగ ఏసిన్రు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయా అంటే సర్కారు నౌకర్లల్ల ఆఖరి మెట్టు. నా మీద జవాను, ఆయన మీద క్లర్కు, ఆ మీద టీచరమ్మలు, అందరి మీద పెద్దటీచరమ్మ. జవాను మొగాయన గనుక గేటు దాటి లోపలికి వచ్చెటోడు కాదు. గంట కొట్టుడు, కుండలు నింపుడు, చిన్న పిల్లలను ఇంటికాడ దించి వచ్చుడు, రిజిస్టర్లు కుట్టుడు, లోపలి పనంత నాదే. నాకు నా పేరు రాసుడు వరకే వచ్చు. గిదంత నేను చెప్తుంటె మా మనుమరాలు రాస్తుంది.

కుట్టుడుకు ఒక పద్ధతి ఉంటది. కాయిదాలు సమానంగ తట్టి, అంచుకు దబ్బనంతోని తూట్లు పొడిచి, మైనం రుద్దిన దారం తిప్పి ముడెయ్యాలె. మైదాతోని లై కాచి వీపుకు బట్టపట్టీ అంటియ్యాలె. ముందరికి గట్టి అట్ట, నున్నటిది పెట్టేది. వెనుకకు ఏదుంటె అది, సబ్బుడబ్బల తుక్కు అట్ట అయినా సరే. నాకు నేర్పిన ముసలి ఆయా గట్లనే చేసేది, నేనూ గట్లనే చేసేది.

మా బళ్ళె తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు తీర్ల చదువు నడిచేది. భైంసా బజార్ల బేరం కూడ గట్లనే, ఒక భాషల మొదలువెట్టి ఇంకో భాషల తెంపుతరు. ఉర్దూ జమాతుల, అంటే ఉర్దూ తరగతిల, పిల్లలు ఏడాదికేడాది తక్కువైతున్నరు. గీసారి తనిఖీల చూసి ఆ జమాతు ఎత్తేసుడో, ఉంచుడో తేలుస్తమని ఆదిలాబాదు నుంచి కాయిదం వచ్చింది. ఎత్తేస్తె సకీనా ఆపాకు ఎటో బదిలీ అయితది. ఆపా అంటే అక్క; ఉర్దూ టీచరమ్మను బడంత గట్లనే పిలిచేది. ఇంట్ల ఆమె తల్లికి పక్షవాతం, మంచం దిగది. ఆ ముసలామెకు బిడ్డ తప్ప ఎవరు లేరు. మంచాన్ని ఎత్తుకొని ఏ ఊరికి పోతది? తనిఖీ మాట వినవడ్డనాటి నుంచి ఆపా తెచ్చుకున్న సద్ది మూత తియ్యకుంటనే ఇంటికి పోయేది.

ఆ చలికాలం పై నుంచి ఒక హుకుం వచ్చింది. ప్రతి ఆడపిల్లల బడి తమ ఊరి సంగతొకటి వట్టుకొని పిల్లలతోని పరిశోధన చేపియ్యాలె, పుస్తకం కుట్టి, తనిఖీకి వచ్చే ఇన్స్‌పెక్ట్రెసమ్మ ముందర వెట్టాలె. మా ఊరికి పత్తి తప్ప ఇంకేం సంగతి. తెలుగు పిల్లలు చేన్లకు పోయి గింజ పెట్టుడు నుంచి ఏరుడు దాక రాసుకొచ్చిన్రు. మరాఠీ పిల్లలు మండీల అమ్ముడు సంగతి, జిన్నింగు మిల్లుల గింజ తీసుడు సంగతి రాసిన్రు. ఆపా పిల్లలల్ల సగం మంది దూదేకే ఇండ్లల్ల బిడ్డలు. వాళ్ళు తాతలను అడిగి దూది ఏకే విల్లు గురించి, దూది నింపి రజాయి బొంతలు కుట్టుడు గురించి రాసిన్రు.

లొల్లి ముఖపత్రం కాడ వచ్చింది. పుస్తకం పేరు, బడి పేరు, రాసినోళ్ళ పేర్లు ఉండే మొదటి పేజీ అది. ఉర్దూల సర్‌వరఖ్ అంటరు. దాన్ని గీసి అట్ట మీద అంటియ్యాలె. ఆ పని శారద టీచరమ్మకు అప్పజెప్పిన్రు. ఆమెది గుంటూరు దిక్కు, కొత్తగ వచ్చింది, బొమ్మలు మంచిగ ఏసేది. చుట్టూ ఎర్ర సిరాతోని అంచు గీసి, నడుమ పగిలిన పత్తికాయ ఏసింది. పైన తెలుగుల పేరు, దాని కింద మరాఠీల, అన్నిటి కింద ఉర్దూల ఒక వరుస.

ఆపా దాన్ని చూసి, "కింద రాస్తె నాకు ఫికర్ లేదు శారదమ్మా. కాని మా రాత కుడి దిక్కు నుంచి మొదలైతది. కుట్టినంక మా పేజీలు అటు కొస నుంచి వస్తయి. ఇక్కడ పేరు చదివినోళ్ళు మా పాఠం యాడ దేవులాడుతరు?" అన్నది.

"అయితే వెనకాల రాసుకోండి ఆపా. కానీ వెనక అట్ట ఎవరు చూస్తారు?" అన్నది శారద టీచరమ్మ. ఎగతాళికి కాదు, నిజంగనే అడిగింది.

"చూసెటోళ్ళు చూస్తరు."

పెద్దటీచరమ్మ ఇద్దరినీ ఆపి, ముందర శారదమ్మదే ఉంటది, వెనుక మీ ఇష్టం, గీ లొల్లి ఇంతటితోని బంద్ అన్నది.

ఆపా నీళ్ళ కుండలుండే అర్రల నేల మీద కూసొని, పుల్ల కలంతోని సర్‌వరఖ్ రాసింది. పత్తి పువ్వుల తీగ చుట్టూ పారిచ్చింది. నేను లై వూసి, అలవాటుగ వెనుక పెట్టే తుక్కు అట్టకు అంటిచ్చిన. ఆరేసరికి తడికి అట్ట వంకర వోయింది, కాయిదం ముడతలు వడ్డది. ఆపా చేతులకు తీసుకొని చూసి, "మా అమ్మ చెయ్యి లెక్కనే అయింది గదనే రాజవ్వా," అన్నది. నవ్విందో ఏమో నాకు సమజ్ కాలే. మర్నాడు బట్టల దుకాణంల తాన్లు చుట్టే గట్టి అట్ట అడుక్కొచ్చి, మళ్ళ మొదటి నుంచి రాసింది. గీసారి ముందర, వెనుక ఒక్క తీరు అట్టలేసి కుట్టిన.

తనిఖీకి వచ్చిన ఇన్స్‌పెక్ట్రెసమ్మ తెలుగామెనే. పెద్ద బొట్టు, నేత చీర. శారద టీచరమ్మ పుస్తకాన్ని పత్తికాయ బొమ్మ మీదికి వచ్చేటట్టు పెట్టి, పక్కన పువ్వు పెట్టింది. ఆమె పెద్దటీచరమ్మతోని మాట్లాడుకుంటనే పుస్తకం చేతులకు తీసుకున్నది, తిరగేసింది, ఉర్దూ దిక్కు నుంచి తెరిచింది.

"మేడం, ముందు ఇటండీ," అన్నది శారద టీచరమ్మ సన్నగ.

"నాకు ఇదే ముందమ్మా. మేము చదువుకున్న నాడు హైదరాబాదుల పుస్తకమంటె గిటునుంచే," అని ఇన్స్‌పెక్ట్రెసమ్మ పేజీ మీద వేలు పెట్టుకుంట చదువుకుంట పోయింది. దూదేకే విల్లు కాడ ఆగి, దాని నారి ఏం జంతువు పేగుతోని చేస్తరని ఒక పిల్లను అడిగింది. ఆ పిల్ల, "మేక పేగు. మా తాత ఎండేస్తుంటె ఇంట్ల ఉండలేం, అంత కంపు," అన్నది. ఇన్స్‌పెక్ట్రెసమ్మ నవ్వింది. అటు వైపు అయినంక తిప్పి తెలుగు దిక్కు నుంచి కూడ మొత్తం చూసింది. పత్తికాయ బొమ్మ ఎవరిదని అడిగి మెచ్చుకున్నది.

పెద్దటీచరమ్మ ఉర్దూ జమాతు కాయిదం ముందర పెట్టింది. "పిల్లలు తక్కువున్నరని చదివిన. ఉన్న పిల్లలు ఏం చేసిన్రో గిప్పుడు చూసిన. ఉండనియ్యి. వచ్చే ఏడు మళ్ళ చూస్తం," అన్నది ఇన్స్‌పెక్ట్రెసమ్మ.

ఆపా గోడకు ఆనుకొని నిలవడ్డది. ఆ పూట సద్ది మూత తీసింది. శారద టీచరమ్మ వచ్చి పక్కన కూసొని, వెనక అట్ట మీద ఏం రాశారు ఆపా అని అడిగింది.

"మీరు రాసిందే. భైంసా పత్తి."

ఆ జమాతు ఏడాదికేడాది గట్లనే నడిచింది. ఆపా తల్లి తన ఇంట్లనే, తన మంచంలనే కన్నుమూసింది. జమాతు ఎత్తేసింది ఆ తర్వాతనే. ఆపా అప్పుడు నిర్మల్ పోయింది.

నేను నౌకరి దిగేదాక మస్తు పుస్తకాలు కుట్టిన. ఆ ఏడాది నుంచి వెనుకకు తుక్కు అట్ట పెట్టలే. నా తర్వాత వచ్చిన ఆయాకు కూడ గదే నేర్పిన: చదివే మనిషి ఎటునుంచి తెరుస్తదో కుట్టేటోళ్ళకు తెల్వది గనుక, రెండు దిక్కుల ఒక్క తీరు అట్ట ఎయ్యాలె.