చక్రానికి పెట్టిన బొట్టు

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చేతిలో పని లేకపోతే ఒళ్లంతా జిలపెడుతుంది. అందుకే ఆయుధపూజ అంటే నాకు మంట. ఆ రోజు పనిముట్లు ముట్టకూడదు కదా.

మాది హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద చిన్న షెడ్డు. కార్ల అల్లాయ్ చక్రాలు బాగు చేస్తాం. గుంతల్లో పడి వంకరపోయిన రిమ్ముల్ని మా ఆయన వేడి చేసి, జాకీతో నొక్కి దారికి తెస్తాడు. పాత రంగు గీకి, నున్నగా రుద్ది, కొత్త రంగు కొట్టేది నేను. రంగు గన్ను పట్టుకున్నంత సేపే నా చెయ్యి కుదురుగా నిలుస్తుంది. మిగతా వేళల్లో నేను కాలుగాలిన పిల్లిని.

ఆ ఏడు ఆయుధపూజకు నా మంట ఇంకాస్త ఎక్కువైంది. షెడ్డులో మా అన్న చక్రం ఉంది. మా అన్నకు ధర్మవరంలో చీరల అంగడి. కారు కొత్తగా కొన్నాడు, తోలడం మాత్రం ఇంకా పాత స్కూటరు తోలినట్టే తోలుతాడు. ముదిగుబ్బ నుంచి వస్తూ, ఎదురుగా వచ్చిన బస్సుకు దారి ఇవ్వబోయి, ఎడమ చక్రాలు రెండూ రోడ్డు దించి ఒక రాయికి కొట్టాడు. ముందుది తగిలింది, ఆ వెంటనే వెనకది తగిలింది. రెండు రిమ్ములూ వంగాయి. వెనక స్టెప్నీ వేసుకుని, వంగిన ముందు చక్రంతో దడదడలాడుతూ మా షెడ్డుకు వచ్చాడు.

ముందు చక్రం అన్నను కూర్చోబెట్టి అప్పటికప్పుడే బాగు చేసిచ్చాం. రంగు ఎంత బాగా కుదిరిందంటే, నేనే దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను. వెనక చక్రం మాత్రం మా దగ్గర వదిలిపెట్టి, స్టెప్నీతోనే వెళ్లిపోయాడు. పోతూ పోతూ మా ఆయనతో అన్నాడు.

"బావా, యాడన్నా పగిలింటే వెల్డింగు పెట్టి రంగేసెయ్యి. పైకి కనపడకపోతే సాలు."

మా ఆయన తల ఊపాడు. ఊపాడే గానీ ఆ పని ఆయన చెయ్యడు. రిమ్ము అంచు విరిగితే వెల్డింగుతో నింపుతాడు. కానీ నడిమి నుంచి అంచు దాకా పోయే కమ్మీల్లో, అంటే స్పోకుల్లో, నెర్రె కనపడిందా, ఎవరు బతిమాలినా వినడు. బండి బరువు మోసేది అవే. ఆ చక్రం మూలకు పోవాల్సిందే.

ఆయుధపూజ నాటికి ఆ చక్రాన్ని గీకి, రుద్ది, బోడిగా తయారుచేసి పెట్టాను. ఇక ప్రైమరు కొట్టడమే తరువాయి. గన్ను వైపు చూస్తుంటే మా ఆయన కసిరాడు.

"మే, ఈ పొద్దు దాన్ని ముట్టుకోగూడదు. రోంత సేపు గమ్మునుండు."

గమ్మున ఉండలేకనే బొట్లు పెట్టడం మొదలుపెట్టాను. జాకీకి పెట్టాను, వెల్డింగు మిషనుకు పెట్టాను, గాలి మిషనుకు పెట్టాను, చివరికి గోడకున్న ప్లగ్గుకు కూడా పెట్టాను. ఇక మిగిలింది అన్న చక్రం. నున్నగా రుద్దిన అల్యూమినియానికి కుంకుమ అంటుకుంటుందా? పెట్టిందల్లా రాలిపోతూ ఉంది. నాకు పట్టుదల పెరిగింది. చెనిక్కాయ నూనెలో కుంకుమ కలిపి, ప్రతి స్పోకు మొదట్లోనూ ముందూ వెనకా దట్టంగా పూశాను.

అది చూసి మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"నూనె తగిలిన తావ రంగు పట్టదని నీకి తెలీదా? నిన్నంతా రుద్దిండేది దేనికి?"

తెలుసు. ఆయన కంటే నాకే బాగా తెలుసు. నూనె మీద రంగు కొడితే చేప కళ్లలా గుంతలు గుంతలుగా విడిపోతుంది. కానీ తప్పు ఒప్పుకుంటే ఆ పూటంతా వినాలి.

"దేవునికి పెట్టినా. రంగు పట్టకపోతే ఆయప్పే చూసుకుంటాడులే," అన్నాను.

మరునాడు దసరా. తెల్లవారి షెడ్డు ముందర ముగ్గు వేసి, చేతులు కూడా కడుక్కోకుండా చక్రం దగ్గరికి పోయాను. థిన్నరులో గుడ్డ తడిపి నూనె, కుంకుమ తుడిచేశాను. అంతా పోయింది గానీ, వెనక వైపు ఒక స్పోకు మొదట్లో సన్నటి ఎర్ర దారం లాంటిది మిగిలిపోయింది. మళ్లీ తుడిచాను. పోలేదు. విసుగొచ్చి వేలితో రుద్దాను. వేలికి అంటిన ముగ్గుపిండి అక్కడ తెల్లగా పడింది. ఆ తెలుపులోకి ఎరుపు మెల్లగా ఊరింది, గీత గీసినట్టుగా.

మా ఆయన్ను కేకేశాను. ఆయన వచ్చి గొంతుకూర్చుని, దాన్ని శుభ్రంగా తుడిచి, తనే కాస్త ముగ్గుపిండి చల్లాడు. ఇద్దరం చూస్తూ ఉన్నాం. గీత మళ్లీ వచ్చింది. పూజకు ముందే ఆయన ఆ చక్రాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసి ఉన్నాడు. నేను అదే చోట ఇసుక కాగితంతో రుద్దాను. ఇద్దరికీ కనపడని నెర్రెలోకి నూనె దూరింది, కుంకుమను వెంట తీసుకుపోయింది. పెద్ద ఊళ్లలో ఇట్లాంటి నెర్రెలు పట్టుకోవడానికే ఎర్రమందూ తెల్లమందూ డబ్బాల్లో అమ్ముతారని తర్వాత తెలిసింది.

"ఇది ఇంక పనికిరాదు," అన్నాడు ఆయన.

"మరి ముందుది?"

రాయికి మొదట తగిలింది ముందు చక్రం. గట్టిగా తగిలింది కూడా దానికే.

"దాన్ని చూసినా కదా. ఏమీ కనపడలే," అన్నాడు ఆయన.

"దీంట్లో మాత్రం కనపడిందా?"

ఆ రోజు అన్న పిల్లల్ని, వదినను తీసుకుని బెంగళూరులో వదిన పుట్టింటికి పోవాలి. హైవే మీద. నేను ముచ్చటపడి ఫోటో తీసుకున్న ఆ చక్రం మీద. అన్నకు ఫోను చేశాను. బండి తోలేటప్పుడు ఎత్తడు, ఆ ఒక్క మంచి అలవాటు మాత్రం ఉంది. వదినకు చేశాను. ఆమె ఫోను పిల్లల చేతిలో ఉంటుంది. ఆట ఆగిపోతుందని కట్ చేస్తున్నారు. అన్న పక్కింటివాళ్లకు చేస్తే, "ఇప్పుడే పాయిరి కదమ్మా," అన్నారు.

అన్నవాళ్లు ధర్మవరం నుంచి కొత్తచెరువు మీదుగా వచ్చి పెనుకొండ దగ్గర హైవే ఎక్కాలి. నేను నూనె, కుంకుమ, ముగ్గుపిండి, థిన్నరు, ఇసుక కాగితం సంచిలో వేసుకుని మా ఆయన బండెక్కాను. దారి పొడుగునా ఆయన వీపు మీద తడుతూనే ఉన్నాను.

"ఇంతకంటే బిరీన పోతే మనమే పడతాం మే!"

"పడితే పడదాం, పోనియ్యి!"

పెనుకొండలో ధర్మవరం దారి కలిసే చోట నిలబడ్డాం. మా ఆయన ఒక టీ తెచ్చిచ్చాడు. అది నా చేతిలోనే చల్లారిపోయింది. ఆ రోజు ప్రతి కారూ పెళ్లికొడుకే. అరటి పిలకలు, బంతిపూల దండలు, అద్దం నిండా పసుపు. అన్నది తెల్ల కారు, అట్లాంటివే ఎన్నో వచ్చాయి. ఏది మా అన్నదో ఎట్లా పోల్చడం? నాకు భయంతో ఏడుపొచ్చింది. అప్పుడు తోచింది, నేను కార్లను ఎందుకు చూడాలి, చక్రాల్ని చూస్తే పోలా అని. ఎడమ వైపు ముందు తళతళలాడే నా రంగు, వెనక నల్లటి ఇనుప స్టెప్నీ. అది కనపడగానే రోడ్డుకు అడ్డం పోయి చేతులు చాపాను.

అన్న కారు పక్కకు తీసి దిగాడు.

"ఏమ్మే, చావాలనుకుంటాండావా?"

"ముందు చక్రం ఇప్పు అన్నా."

"యాల? మీరే కదా చేసిచ్చిండేది!"

"అందుకే ఇప్పమంటాండా."

మా ఆయన ఇంకేం అడగకుండా జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. గోనెపట్ట మీద వేసి, స్పోకుల మొదట్లో ముందూ వెనకా నా రంగును నేనే గీకడం మొదలుపెట్టాను. అంత బాగా కుదిరిన రంగు అట్లా పొడి పొడిగా రాలుతున్నా ఆపలేదు. తర్వాత నూనెలో కుంకుమ కలిపి పూశాను.

"పూజ నిన్ననే అయిపాయె కదమ్మే! మళ్లా రోడ్డు మీద ఏం పూజ?" అని అరిచాడు అన్న. పోయేవాళ్లు కూడా అట్లాగే అనుకున్నారు. ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టి మరీ పోయాడు.

నూనె దూరేదాకా ఆగాలి. నా బతుకులో అంత కష్టమైన ఆగడం ఇంకోటి లేదు. అన్న అటూ ఇటూ తిరుగుతూ, ఆలస్యమైపోతోందని తిడుతూనే ఉన్నాడు. పిల్లలు కిటికీలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఆ తలల్ని చూసినప్పుడల్లా ఇంకో నిమిషం ఆగుదాం అనిపించింది.

తుడిచి, ముగ్గుపిండి చల్లాను. తెల్లగానే ఉంది. ఇంకా చూశాం. తెల్లగానే ఉంది. మా ఆయన ఒక్కో స్పోకునూ వేలితో చూపిస్తూ, "ఏమీ లేదు," అన్నాడు.

"చూస్తివా? ఊరికే పొద్దు పోగొడితివి," అన్నాడు అన్న.

అప్పుడు మా ఆయన షెడ్డులో ఉన్న వెనక చక్రం సంగతి చెప్పాడు. పొద్దున నా ఫోనులో తీసిన ఆ ఎర్ర గీత ఫోటో చూపించాడు. అన్న దాన్ని చాలాసేపు చూశాడు. వెల్డింగు మాట ఎత్తలేదు. కారు వైపు తిరిగి పిల్లల్ని చూశాడు. తర్వాత కుడి పక్కకు పోయి గొంతుకూర్చుని, చిన్నగా అన్నాడు.

"ఈ రెండూ గూడా చూడు మ్మే."

ముగ్గుపిండి అయిపోయింది. వదిన సంచిలోంచి మొహానికి వేసుకునే పౌడరు తీసిచ్చింది. వాటిలోనూ ఏమీ లేదు. అన్నీ బిగించుకుని వాళ్లు బయలుదేరేసరికి ఎండ ముదిరింది.

సంక్రాంతి దాటాక అన్న షెడ్డుకు వచ్చాడు. వెనక చక్రానికి బదులు కొత్తది వేయించుకున్నాడు. ముందు చక్రం మాత్రం నేను గీకిన చోటల్లా మచ్చలు మచ్చలుగా, ముందు వైపుకు కూడా కనపడుతూ అట్లాగే ఉంది. నాకు సిగ్గేసింది. విప్పు, ఒక గంటలో రంగు కొట్టి ఇస్తానని గన్ను తీశాను. అన్న ఆ మచ్చ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు మ్మే, ఉండనీ. దీనికి మళ్లా రంగేస్తే నీకి నిద్ర పట్టదు, నాకీ పట్టదు."