దుమ్ము పడుతుందని కిటికీ మూసినవాడు

నా భార్య ఒక సినిమా జంట కోసం ఏడ్చేది. పెళ్లయిన కొత్తలో అది నాకు ముద్దుగానే ఉండేది. టీవీలో ఆ సినిమా వస్తుంటే పొయ్యి మీద కూర మాడినా లేచేది కాదు. చివరి సీను రాగానే చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకునేది. నేను పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ణి. తెర మీది హీరోను చూసి కుళ్లుకునే రోజు ఒకటి వస్తుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

మేముండేది నాచారంలో, ఫ్యాక్టరీల వెనక వీధిలో. నేను మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటర్‌ని. ఆమె ఉప్పల్లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం శాంపిళ్లు తీస్తుంది. ఇద్దరివీ జనగామ వైపు ఊళ్లే. దూరపు చుట్టరికం ఉంది కాబట్టి నన్ను బావా అని పిలుస్తుంది. పెద్దవాళ్లు కుదిర్చారు, మా ఊరి చర్చిలో పెళ్లయింది. ఇంతకంటే చెప్పుకోవడానికి మా పెళ్లిలో కథేమీ లేదు.

ఆ సినిమాలో మాత్రం కథ ఉంది. హీరో లారీల వెనక బొమ్మలు వేసే పెయింటర్. కాంపౌండర్ కూతుర్ని ప్రేమిస్తాడు. ఆమె తండ్రి ఆమెను ఆర్టీసీ డిపోలో పనిచేసే ఒక గుమాస్తాకు ఇచ్చి పెళ్లి చేస్తాడు. పెయింటర్ జబ్బు చేసి చనిపోతాడు. చివరి సీనులో ఆమె మొగుడి పక్కన బస్సులో వెళుతుంటుంది. ఒక లారీ బస్సును దాటుకుని ముందుకు పోతుంది. దాని వెనక రెండు కళ్లు గీసి ఉంటాయి. అవి ఆమె కళ్లే. సరిగ్గా అప్పుడే మొగుడు లేచి, దుమ్ము వస్తోందని కిటికీ అద్దం మూసేస్తాడు. సినిమా అయిపోతుంది.

పోయినేడాది ఆమె ఒక వాట్సాప్ గ్రూపులో చేరింది. సినిమాల్లో ప్రేమించుకుని కలవని జంటల గురించి మాట్లాడుకోవడానికే ఎవరో పెట్టిన గ్రూపు అది. అందులో బోడుప్పల్ నుంచి ఒక టీచరమ్మ, నారపల్లి నుంచి ప్లాట్లు అమ్మే ఒకాయన, కాలేజీ పిల్లలు కొందరు ఉన్నారు. అందరికీ ఆ సినిమాయే ప్రాణం. హీరోయిన్ ఆ కళ్లు చూసిందా లేదా, చూస్తే బస్సు దిగాలా వద్దా అని నెలల తరబడి వాదించుకున్నారు. నా భార్య బియ్యం కడుగుతూ, చపాతీలు ఒత్తుతూ వాళ్ల వాయిస్ మెసేజీలు స్పీకర్‌లో పెట్టి వినేది.

అందులో ఒక గొంతు నాకు నచ్చలేదు.

పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే అబ్బాయిది. నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మాట్లాడేవాడు. “ఆమె చూసింది. చూసి గూడ చూడనట్టు కూర్చుంది. ఎందుకంటే దిగితే ఆయన చచ్చిపోయిన సంగతి నిజమైపోతది,” అన్నాడు ఒకసారి. నా భార్య చపాతీ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత పిండి చేతులతోనే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, “అవును, మీరు జెప్పింది కరెక్టు. అందుకే రెప్ప గూడ వెయ్యలే ఆమె,” అంది.

గ్రూపులో మగవాళ్లందరినీ ఆమె అన్నా అంటుంది. బస్టాపులో టైం అడిగినవాణ్ణి కూడా అన్నా అనే మనిషి. ఈ ఒక్కణ్ణే మీరు అంటోంది. అది గమనించిన రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

“ఏందంతసేపు ఇంటున్నవ్?” అని అడిగాను.

“నీకు సమజ్ కాదులే బావా,” అంది. విసుగ్గా కూడా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

నాకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజున, ఆమె డ్యూటీకి వెళ్లాక, ఆ సినిమా ఫోన్లో పెట్టుకుని మొదటిసారి మొత్తం చూశాను. ఆ పోచారం అబ్బాయికి తట్టనిది ఏదైనా నాకు తట్టాలని వెతికాను. పెళ్లి సీనులో హీరోయిన్ చేతికి ఎర్ర గాజుల మధ్య ఒకే ఒక్క పచ్చ గాజు ఉంటుంది, అది పెయింటర్ జాతరలో కొనిచ్చింది. అది నేను పట్టుకున్నాను. సాయంత్రం నా భార్య వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

“పచ్చ గాజేనా? గది మస్తు దినాల కిందనే మాట్లాడుకున్నం బావా,” అంది. రెండో చెప్పు కూడా విప్పి, “గాయనే జెప్పిండు,” అని కూడా అంది.

ఆ మాట తర్వాత టీ తాగబుద్ధి కాలేదు.

ఇంతలో ఆ సినిమాను మళ్లీ రిలీజ్ చేస్తున్నారని తెలిసింది. ఆదివారం మ్యాట్నీకి ఉప్పల్లో ఒక థియేటర్ దగ్గర గ్రూపంతా కలవాలనుకున్నారు. ఆమె ఆ వారమంతా పాటలు కూనిరాగం తీసింది. ఏ చీర కట్టుకోవాలో నన్ను అడిగింది. అది అడగడం నా మీద నమ్మకమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

“నేను గూడ వస్త,” అన్నాను.

“నువ్వా? థియేటర్ల నిద్రపోతవ్ గద!”

“పోను.”

ఆ ఆదివారం ఉదయం ఆరాధనలో పాస్టర్ గారు ఏ వాక్యం తీసుకున్నారో నాకు గుర్తులేదు. ఆమె ఆడవాళ్ల వైపు నీలం చీరలో కూర్చుని ఉంది. ఈ చీర కట్టుకున్నది దేవుడి కోసమా, మ్యాట్నీ కోసమా అని ఆలోచిస్తూ ప్రార్థనలో కళ్లు మూసుకోవడం మరిచిపోయాను. చర్చి నుంచి నేరుగా బండి మీద ఉప్పల్ వెళ్లాం.

థియేటర్ ముందు డప్పులు కొడుతున్నారు. కాగితం ముక్కలు ఎగరేస్తున్నారు. ఎవరో ఒక ఆటో వెనక ఆ రెండు కళ్లు అచ్చు సినిమాలోలాగే గీయించుకుని వచ్చారు. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పోచారం అబ్బాయి అక్కడే ఉన్నాడు. లావుగానో బట్టతలతోనో ఉంటాడని లోపల ఎక్కడో ఆశపడ్డాను. అలా లేడు. తెల్ల చొక్కా, చక్కగా కత్తిరించిన గడ్డం. పైగా మర్యాదస్తుడు. నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“సార్, మీ గురించి చెప్తుంటరు మేడం,” అన్నాడు.

ఏం చెబుతుందో అడగలేకపోయాను.

హాల్లో ఒకే వరుసలో కూర్చున్నాం. నా పక్కన ఆమె, ఆమె పక్కన టీచరమ్మ, ఆ తర్వాత అతను. మధ్యలో మనిషి ఉన్నా నాకు ఊరట లేదు. జాతర సీను వచ్చినప్పుడు నా భార్యా అతనూ ఒకే క్షణంలో ముందుకు వంగారు. ఒకే చోట నవ్వారు. పెయింటర్ దగ్గు మొదలవగానే ఇద్దరూ ఒకేసారి వెనక్కి వాలారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, ఆ అవసరమే రాలేదు. అంతమంది కేకల మధ్య నేనొక్కణ్ణే సినిమా కాకుండా ఆ వరుసను చూస్తూ కూర్చున్నాను.

చివరి సీను వచ్చింది. లారీ దాటింది. హాలంతా లేచి నిలబడింది. మొగుడు కిటికీ మీద చేయి వేయగానే, “తెరువ్‌ర బై! కిటికీ తెరువ్!” అని అరుపులు మొదలయ్యాయి. ఎవరో చెప్పు విసిరారు. నా పక్కన నా భార్య కూడా గొంతు చించుకుని, “తెరువ్!” అని అరిచింది. ఆమె అంత గట్టిగా అరవడం నేనెన్నడూ వినలేదు. అప్పుడు మొదటిసారి ఆ మొగుడి మొహం వైపు చూశాను. బక్క మనిషి, నెత్తికి నూనె రాసుకున్నాడు. అద్దం మూసి, ఆమె భుజం మీద పడిన దుమ్మును దులపాలా వద్దా అన్నట్టు చేయి ఎత్తి, మళ్లీ దించేసుకుంటాడు. ఇంట్లో ఫోన్లో చూసినప్పుడు అది నాకు కనపడనేలేదు.

సినిమా అయ్యాక ఎదురుగా ఉన్న హోటల్లో రెండు టేబుళ్లు కలిపి కూర్చున్నాం. చిన్న సమోసాలు, చాయ్ వచ్చాయి. టీచరమ్మకు ఇంకా ఏడుపు ఆగలేదు. ప్లాట్లాయన, “దిగాలె, కచ్చితంగ దిగాలె,” అంటూ టేబుల్ గుద్దుతున్నాడు. వాదన తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. అప్పుడు పోచారం అబ్బాయి నా వైపు తిరిగాడు.

“సార్ ఏం మాట్లాడుతలేరు. మీకేమనిపించింది, జర చెప్పండి.”

నా భార్య గాభరాగా చూసింది. నేను ఏమీ చెప్పననే అనుకున్నాను. కానీ మాట దానంతటదే వచ్చేసింది.

“ఆమె సూసిందా, దిగాల్నా అని ఇన్ని దినాల సంది మాట్లాడుకుంటున్నరు. పక్క సీట్ల ఒకడు గూసున్నడు గద, వాని సంగతేంది? ఆమె కండ్లల్ల దుమ్ము వడ్తదని కిటికీ మూసిండు. గంతే గద వాడు జేసింది? గా లారీ మీద ఏమున్నదో వానికేం ఎరుక? హాలంత కలిసి వాణ్ణి తిట్టిన్రు. ఆమె వాని పక్కన్నే ఉన్నది. కని యాడనో ఉన్నది. భుజం మీది దుమ్ము దులపాల్నంటె గూడ వానికి భయం. కలవని జంట అంటె పెయింటర్, ఆమె అనే అనుకుంటున్నరు మీరు. వీళ్లిద్దరు గూడ కలవలే.”

ప్లాట్లాయన చేయి టేబుల్ మీదే ఆగిపోయింది. టీచరమ్మ ముక్కు తుడుచుకుని, “అయ్యో, గదొకటి ఉన్నది గద,” అంది. పోచారం అబ్బాయి కళ్లు మెరిశాయి. “సార్, ఇన్ని దినాలల్ల మేమెవ్వరం ఇది అనుకోలే,” అని ఇక వాదన మొదలుపెట్టాడు. అందరూ ఆ మొగుడి మీద పడ్డారు. నా భార్య మాత్రం నా వైపు చూడకుండా చాయ్ సాసర్‌ను గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది.

చిలకానగర్ మీదుగా ఇంటికి వస్తుంటే, చెరకురసం బండి దగ్గర ఆపమంది. గ్లాసు చేతిలోకి తీసుకుంది కానీ తాగలేదు.

“నువ్వు సినిమా గురించి మాట్లాడినవా, మన గురించా?”

“సినిమా గురించే.”

“నాతోని అబద్ధం ఆడకు బావా.”

దాచిపెట్టుకున్నదంతా బయటికి వచ్చింది. “అందర్ని అన్న అంటవ్. గాయన్నొక్కణ్ణే మీరు అంటవ్. ఎందుకు?”

ఆమె ఒక క్షణం నోరు తెరుచుకుని చూసి, పకపకా నవ్వింది. “వాడు నాకంటె చిన్నోడు! అన్న ఎట్లంట? తమ్మీ అంటె గంత ఉద్యోగం జేసెటోడు ఏమనుకుంటడో అని మీరు అంటున్న.”

నాకు నవ్వు రాలేదు. చిన్నవాడైతే మాత్రం ఏంటి? వాడికి తెలిసింది నాకు తెలియదు కదా. “మరి ఎవరి కోసం ఏడుస్తవ్ గా సినిమా సూసి?” అని అడిగాను.

నవ్వు ఆపేసింది.

“ఎవ్వరు లేరు బావా. గందుకే ఏడుస్త. నా కండ్లు ఏ లారీ మీద ఎవడు గీసిండు? నన్ను సూడనీకి వచ్చిననాడు నువ్వేం అడిగినవో యాదున్నదా? నైట్ డ్యూటీలు ఉంటయా అని అడిగినవ్. గా తర్వాత మా నాయనతోని బస్సుల గురించి మాట్లాడుకుంట కూసున్నవ్. గంతే. పెయింటర్‌ను సూస్తె, నా కోసం గట్ల ఎవ్వరు పిచ్చోళ్లు కాలేదని యాదికొస్తది.”

ఒక మనిషి ఉన్నాడని చెబితే నాకు తేలికగా ఉండేదేమో. వాణ్ణి తిట్టుకునేవాణ్ణి. లేనివాడితో ఎలా పోటీ పడాలి? ఆ లేనివాడి మీద కలిగినంత కుళ్లు పోచారం అబ్బాయి మీద కూడా కలగలేదు.

“నాకు గట్లంటియి మాట్లాడరాదు,” అన్నాను చివరికి.

“వస్తది,” అంది. ఇప్పుడు ఆమె గొంతులో కోపం ఉంది. “ఇంతకుముందు హోటల్ల మాట్లాడినవ్ గద? గంత మాట నాతోని ఎన్నడన్న మాట్లాడినవా? వాళ్లెవరు నీకు? వాళ్ల ముందల జెప్పినవ్. ఇంట్ల నాకు జెప్పలే. అందరు నిన్నే సూస్తుంటె నాకు ఎంత కుళ్లయిందో ఎరుకనా?”

చెరకురసం అతను మమ్మల్ని చూసి, గ్లాసుల గురించి అడగబోయి ఊరుకున్నాడు. ఆమె తన గ్లాసులో సగం తాగి నా చేతికిచ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్త వాదన మొదలైంది. ఆ గుమాస్తాకు పెయింటర్ సంగతి ముందే తెలుసని ఆమె అంటుంది. తెలియదని నేనంటాను. తెలిసే కిటికీ మూశాడని ఆమె అంటే నాకు నిజంగానే కోపం వస్తుంది. వాడి పక్షాన నేను గట్టిగా మాట్లాడుతుంటే ఆమె చపాతీ ఒత్తడం ఆపి వింటుంది.

ఆమె ఇంకా గ్రూపులోనే ఉంది. పోయిన వారం పోచారం అబ్బాయి నా మాట మీద ఒక పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాడు. “సార్ చెప్పిన పాయింట్,” అని మొదలుపెట్టి, నెమ్మదిగా, ఆగి ఆగి, దుమ్ము దులపబోయి దించేసుకున్న ఆ చేయి గురించి చెప్పాడు. వాడి గొంతులో నా మాటలు నా నోట్లో కంటే బాగున్నాయి. ఆమె మొత్తం విని, మళ్లీ పెట్టింది.

“మల్లెందుకు?” అన్నాను.

“నీ గురించే గద జెప్తుండు!”

“గది బందు పెట్టు. నేనే జెప్త.”

ఫోన్ ఆపేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాను. హోటల్లో వచ్చినంత బాగా రాలేదు, మధ్యలో రెండు మూడు చోట్ల తడబడ్డాను. ఆమె మాట అందించలేదు, ఆగమనలేదు, చివరిదాకా విన్నది.